సోంపు మడిలో వేషగాళ్ళు

రిహార్సల్ హాల్లో కరెంటు పోయింది కాబట్టి ఆ రోజు నేను మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. కరెంటు పోకపోతే ఈ కథ లేదు, మా ఆవిడ తొడ మీద ఆ కమిలిన మచ్చా లేదు, మా బావమరిది ఇప్పటికీ నా లెక్కలో మంచివాడుగానే ఉండేవాడు.

వంటింట్లో మంచినీళ్ళు తాగుతూ కిటికీలోంచి పెరట్లోకి చూశాను. సోంపు మడి మధ్యలో, భుజాల ఎత్తు పసుపు పూల నడుమ, చీర మీద నా పాత చొక్కా తొడుక్కుని, స్టూలు వేసుకుని మా ఆవిడ కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు పైకి తిప్పి ఉంచింది. ఆ చేతుల మీద, మోచేతుల దాకా, పసుపు నలుపు చారల తేనెటీగలు వాలి ఉన్నాయి. తల చుట్టూ ఇంకొన్ని గాలిలో కదలకుండా నిలబడి ఉన్నాయి. ఆవిడ వాటిని చూసి చిన్నగా నవ్వుతోంది.

గ్లాసు చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు. పై ప్రాణాలు పైనే పోయాయి అని నాటకాల్లో వందసార్లు విన్నాను. అది మాట వరసకు అనేది కాదని అప్పుడు తెలిసింది.

తేనెటీగ కుడితే మీకూ నాకూ ఒక వాపు, ఒక పూట మంట. మా ఆవిడకు చావు. రెండేళ్ళ కిందట అదే పెరట్లో చిక్కుడు పందిరి కింద ఒకే ఒక్కటి ఆవిడ మెడ మీద కుట్టింది. నేను సున్నం వెతుక్కునేలోపు పెదాలు ఉబ్బాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, గొంతులోంచి ఈల లాంటి చప్పుడు వచ్చింది, తరవాత ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. ఆసుపత్రివాళ్ళు చావు నోట్లోంచి లాక్కొచ్చి బతికించారు. ఇంకోసారి కుడితే ఇంత టైము కూడా ఉండకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. మందు నింపి పెట్టిన ఇంజెక్షన్లు రెండు ఇచ్చి, తొడ మీద ఎలా పొడవాలో నాకు నేర్పించింది. ఒకటి వంటింటి అలమరలో, ఒకటి నా చొక్కా జేబులో. నేను స్నానానికి వెళ్ళినా ఆ చొక్కా అందేంత దూరంలోనే ఉంటుంది. తలదిండును పొడిచి పొడిచి అలవాటు కూడా చేసుకున్నాను. మా ఇంట్లో ఒక దిండు అందుకే సొట్టపోయి ఉంటుంది.

ఆ రోజునుంచే పెరటి తలుపుకు తాళం వేశాను. ఆవిడ ఏడవలేదు, వాదించలేదు. మొక్కలంటే ప్రాణం పెట్టే మనిషి, ప్రాణం కోసం మొక్కలు వదులుకుంది అనుకున్నాను. వంటింటి కిటికీకి అద్దాలు బిగించాను. ఆవిడ అద్దం వెనక కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ మొక్కకు ఏం కావాలో అరిచి చెప్పేది. నేను గొణుక్కుంటూ చేసేవాణ్ణి. సాయంత్రమైతే నాటకాల హాలుకు వెళ్ళేవాణ్ణి. మా నాటక సమాజంలో నేను మేకప్ మనిషిని. ముప్ఫై ఏళ్ళుగా మనుషుల మొహాలకు రంగు వేసి పొట్ట పోసుకుంటున్నాను.

అందుకని ఆ కిటికీలోంచి చూసినప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదంటే మీరు నన్ను తప్పు పట్టకూడదు. పెరటి తలుపు దగ్గరకు పరిగెత్తాను. తలుపు బార్లా తెరిచి ఉంది. తాళానికి చెవి వేలాడుతోంది. అది నా తాళంచెవి కాదు. నాది నా నడుముకే ఉంది.

తువ్వాలు విసురుతూ సోంపు మడిలో పడ్డాను. ఆ చారల గుంపు ఒక్కసారి లేచింది. మా ఆవిడ ఉలిక్కిపడి, "ఏవండీ, ఆగండి, కంగారు పడకండి, అవి..." అంటోంది. నాకేం వినిపిస్తుంది? ఒకటి వచ్చి నా ముంజేతి మీదే వాలి, తోక వంచి చర్మంలోకి గుచ్చింది. గుచ్చడం నా కళ్ళతో చూశాను. జేబులోంచి ఇంజెక్షను తీశాను, మూత పీకాను, ఆవిణ్ణి స్టూలు మీదే అదిమిపెట్టి, బట్ట మీంచే తొడలోకి దించాను. డాక్టరమ్మ చెప్పినట్టు పదిదాకా లెక్కపెట్టాను. దిండు కన్నా మనిషి నయం, ఎక్కువ కదల్లేదు.

"ఎంత పని చేశారండీ," అంది మా ఆవిడ. అది మాత్రం వినిపించింది.

ఆటోలో వెళ్తున్నంతసేపూ ఆవిడ చేతులు గడగడా వణికాయి. గుండె ఎంత దడదడలాడుతోందో పక్కనున్న నాకు తెలుస్తోంది. మొహం పాలిపోయింది. నేను మాత్రం ఆ పెదాల వైపే చూస్తున్నాను, ఉబ్బుతున్నాయా లేదా అని. ఉబ్బలేదు. మందు పనిచేసింది, నేను బతికించాను అనుకున్నాను. అంత భయంలోనూ కాస్త గర్వపడ్డాను కూడా.

డాక్టరమ్మ ఆవిణ్ణి పడుకోబెట్టి, గుండెకు తీగలు తగిలించి, మెడ, చేతులు, కాళ్ళు అన్నీ తిప్పి తిప్పి చూసింది.

"ఎక్కడ కుట్టిందండీ?" అని నన్ను అడిగింది.

"ఎక్కడని చెప్పనమ్మా, ఒళ్ళంతా వాలాయి. నాకు కూడా కుట్టింది," అని ముంజేయి చూపించాను. అందులో ఏమీ లేదు. దోమ కుట్టినంత మచ్చ కూడా లేదు. డాక్టరమ్మ నా చేతిని దీపం కింద పెట్టి చూసి, మళ్ళీ నా మొహం చూసింది.

"కుట్టలేదు డాక్టరుగారూ," అంది మా ఆవిడ వణుకుతూనే. "నన్నూ కుట్టలేదు, ఆయన్నీ కుట్టలేదు. వాటికసలు ముల్లే లేదు. అవి తేనెటీగలు కావు, ఈగలు."

ఆవిడకు మతి చలించిందనుకున్నాను. భయం వల్ల కొందరికి అలా అవుతుందని విన్నాను.

డాక్టరమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. "గాలిలో ఒక్కచోటే నిలబడతాయా?" అని ఆవిణ్ణే అడిగింది. ఆవిడ తల ఊపింది. "మా ఇంటి కుండీల దగ్గరా ఉంటాయమ్మా అవి. తేనెటీగల వేషం వేసుకుని పిట్టలను భయపెట్టి బతుకుతాయి." తరవాత నా వైపు తిరిగి, "ఏమీ కాని మనిషికి ఈ మందు ఎక్కిస్తే ఈ వయసులో గుండె తట్టుకోవాలి కదండీ. అదృష్టం, తట్టుకుంది. అయినా మీరు భయపడ్డది తప్పని నేను అనను. నిజంగా కుట్టి ఉంటే మీరు చేసిందే సరైన పని," అంది. చెంపదెబ్బ కొట్టి చెయ్యి నిమిరినట్టుంది.

సాయంత్రం దాకా కదలనివ్వలేదు. ఈలోగా మా బావమరిది వచ్చాడు. వీణ్ణి గురించి చెప్పాలి. పగలు సైకిళ్ళ కొట్టులో పంక్చర్లు వేస్తాడు, రాత్రి మా నాటకాల్లో సింహాసనం ఎక్కుతాడు. ఎప్పుడూ రాజు వేషమే కాబట్టి ఊరంతా వీణ్ణి రాజుగారు అనే పిలుస్తుంది. ఒకసారి బజార్లో ఎవరో గ్రీజు చేతులతో నా భుజం మీద చెయ్యి వేస్తే, ఎవరయ్యా నువ్వు అని కసిరాను. వీడే. కిరీటం, మీసం లేకపోతే నేను సొంత బావమరిదిని గుర్తుపట్టలేనని వాడు ఇప్పటికీ పదిమందిలో చెప్పి నవ్విస్తాడు. నేనేం చేయను, నా చూపంతా రంగు మీదే ఉంటుంది. ఎర్రబొట్టు, మెలితిప్పిన మీసం కనిపిస్తే రాజు, నల్లచార కనిపిస్తే దొంగ. ముప్ఫై ఏళ్ళు అలా చూసిన కళ్ళు ఇవి.

వాడు సంగతంతా విని, "ఈగ వాలిందని అక్కను పొడిచావా బావా," అని పడీ పడీ నవ్వాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికెవరో. నాకు అలాగే ఉంది.

"నవ్వు తరవాత. ఆ రెండో తాళంచెవి ఎక్కడిది?" అన్నాను.

వాడి నవ్వు ఆగిపోయింది. వాళ్ళక్క వైపు చూశాడు. సైకిళ్ళ కొట్టు పక్కనే తాళాలు చేసేవాడి బండి ఉంటుంది. నేను వేషాలకు రంగులు కలుపుతున్నప్పుడు నా నడుమునుంచి చెవి తీసి, మైనం మీద అచ్చు తీయించి, మళ్ళీ తగిలించాడట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. ఇంక నేనెంత?

ఇంటికి వచ్చాక ఆ చెవి కూడా నా దగ్గర పెట్టుకుని తలుపుకు తాళం వేశాను. బావమరిదితో, "రేపు పొద్దున్నే పార పట్టుకురా. సోంపు, కొత్తిమీర, పువ్వు పూసేది ఏదీ ఉండకూడదు. మొత్తం తవ్వేద్దాం. ఈగలైనా సరే, ఏనుగులైనా సరే, ఆ రంగు మా పెరట్లో కనపడకూడదు," అన్నాను.

మా ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది. "పొద్దున్న వాడు వచ్చేదాకా నాకు టైమివ్వండి. నేను చూపించేవి చూడండి. చూశాక కూడా తవ్వాలనిపిస్తే తవ్వండి, నేనడ్డురాను. ఇంక ఆ తలుపు మాట కూడా ఎత్తను," అంది. ఆవిడ అన్న మాట తప్పే మనిషి కాదు. పోనీలే, ఒక్క పొద్దుటికేం పోయిందని ఒప్పుకున్నాను.

తెల్లవారాక ఆవిడ అలమర పైఅరలోంచి చీకట్లో దాచినదేదో తీసి బల్లమీద పెట్టింది. అది నా గాజు పౌడరు డబ్బా. ఆ డబ్బా కోసం నేను సమాజంలో ప్రతివాణ్ణీ నిలదీశాను. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయమైపోయిందని ఎత్తిపొడిచి, ఆడవేషాలు వేసే కుర్రవాళ్ళతో మాటలు కూడా మానేశాను. అది నా ఇంట్లోనే ఉంది. మూత స్థానంలో పల్చటి గుడ్డ కట్టి ఉంది. లోపల ఎండిన చిక్కుడాకు, దానికి అతుక్కుని గోధుమరంగు చుక్కలాంటి ఖాళీ తొక్కలు రెండు, ఇంకా ఖాళీ కానిది ఒకటి.

"ఇదేమిటో తెలుసా? మీరు బ్రష్షుతో ఊడ్చిన పురుగు," అంది.

నాకు ఏ పురుగో వెంటనే తెలిసింది. ఆ రెండేళ్ళుగా చిక్కుడుకు పేనుబంక పట్టి పీడించింది. ఆకుల అడుగున పచ్చగా, జిగటగా, ఆవగింజలు చల్లినట్టు పురుగులు. ఎన్ని మందులు కొట్టినా నాలుగు రోజులే, మళ్ళీ రెట్టింపు. వాటి మధ్యలో కాళ్ళులేని పచ్చటి పురుగులు కొన్ని మెల్లగా పాకుతూ ఉండేవి, చూడ్డానికే ఒళ్ళు జలదరించేవి. పెద్దవాటి వల్లే చిన్నవి వస్తున్నాయని నేను నిర్ణయించాను. కనుబొమలు దిద్దే సన్నబ్రష్షు తీసుకుని, ఒక్కో ఆకూ తిప్పి, ఒక్కో పచ్చపురుగునూ సబ్బునీళ్ళలోకి ఊడ్చాను. అలాంటి పని ఇంకెవరైనా చేయగలరా అని హాల్లో గొప్పలు చెప్పుకున్నాను కూడా. మా ఆవిడ అద్దం వెనకనుంచి ఇదంతా చూస్తూనే ఉంది.

"మీరు తెచ్చిన ఆకుల్లో ఒకటి చెత్తబుట్టలో పడితే చూశాను," అంది ఆవిడ. "ఈ పురుగు పేనుబంకను నోటితో పట్టుకుని పైకెత్తి, గాలిలోనే పీల్చేసి, తొక్క పారేసింది. వెంటనే ఇంకోదాన్ని పట్టుకుంది. నేను కూర గిన్నె దించేలోపు సగం ఆకు ఖాళీ. అప్పుడు మీ డబ్బాలో పెట్టాను. కొన్నాళ్ళు తిని, ముడుచుకుని చుక్కలా అయిపోయింది. తరవాత దాంట్లోంచి ఏం వచ్చిందో చెప్పనా?"

చెప్పక్కర్లేదు. డబ్బా మూల, చచ్చి ఎండిపోయి, పసుపు నలుపు చారలతో ఒకటి పడి ఉంది. మొక్కను పీల్చేవాటిని తినే పిల్లల్ని నేను బ్రష్షుతో ఊడ్చి ముంచాను. ఆ పిల్లల తల్లుల్ని తేనెటీగలని మందు కొట్టాను. పేనుబంకకు నాకన్నా ఆప్తుడు ఇంకొకడు పుట్టి ఉండడు.

"నువ్వు భయపడలేదా? అది గుడ్డ కింద తిరుగుతుంటే?" అన్నాను.

"మొదట్లో చచ్చేంత భయమేసింది. దానికన్నా ముందే ఒకటి అద్దం సందులోంచి లోపలికి వచ్చి నా చేతిమీద వాలింది. అయిపోయింది అనుకున్నాను. మిమ్మల్ని పిలుద్దామంటే మీరు హాల్లో ఉన్నారు. అలమర దాకా వెళ్దామంటే కదిలితే కుడుతుందని భయం. కళ్ళు మూసుకున్నాను. అది చెమట నాకి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను ఎంతసేపు ఏడ్చానో మీకు తెలియదు."

నాకు తెలియదు. నేను హాల్లో ఎవడికో మీసం అతికిస్తున్న సాయంత్రం, ఈవిడ ఇక్కడ ఒంటరిగా చావు కోసం కళ్ళు మూసుకుని కూర్చుందన్నమాట.

తాళం తీశాను. చూడడానికే, ఒప్పుకుని కాదు. మిగిలిన ఇంజెక్షను గుప్పిట్లో పట్టుకున్నాను. ఆవిడ వెళ్ళి సోంపు మడిలో నిన్నటి స్టూలు మీదే కూర్చుంది. ఆ స్టూలు కూడా నాదే, వేషాలు వేసేటప్పుడు మనుషుల్ని కూర్చోబెట్టేది. అది పోయిందని కూడా ఎవణ్ణో తిట్టాను. ఎండ పూల మీదికి వచ్చేసరికి అవి ఒక్కొక్కటే దిగాయి.

"దగ్గరకొచ్చి చూడండి. మీకు తెలిసిన పనే కదా," అంది.

వంగి చూశాను. మొదట నాకు చారలే కనిపించాయి. తరవాత తరవాత మిగతాది తేలింది. మొహమంతా కళ్ళే. మీసాలు ఉన్నాయా లేవా అన్నంత పొట్టివి. నడుము దగ్గర సన్నబడాల్సింది సన్నబడలేదు. అసలుదానికి రెక్కలు రెండు జతలు, వీటికి ఒకటే జత. ఇంత దగ్గరగా చూస్తే వేషంలో లోపాలు కనిపిస్తాయి గానీ, ఆ చారలు మాత్రం ఎవరు దిద్దారో గానీ నాకు చేతకాదు. ఒకటి నా వేలి మీద వాలి నిన్నటిలాగే తోక వంచి గుచ్చింది. గుచ్చడం లేదు, గుచ్చినట్టు నటిస్తోంది. ముల్లు లేకపోయినా పొడుస్తానని బెదిరించే వేషగాణ్ణి చూసి నవ్వొచ్చింది. మా రాజుగారి చెక్క కత్తి గుర్తొచ్చింది.

"మడిలో పేనుబంక చూడండి," అంది. వెతికాను. పక్కనున్న చిక్కుడు ఆకులు తిప్పి తిప్పి చూశాను. జిగట లేదు. చిగుళ్ళు ముడుచుకోలేదు. నేను హాల్లో కొత్త నాటకం పనుల్లో బిజీగా ఉండి బ్రష్షు పట్టుకోని నెలల్లో, తోట తనంతట తాను బాగుపడింది.

నాకు కోపం తగ్గలేదు గానీ, పార అవసరం లేదేమో అన్న ఆలోచన మాత్రం వచ్చింది. ముల్లు లేనివాటితో గొడవేముంది అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే చూశాను.

అది కూడా పసుపు, నలుపే. కాకపోతే వచ్చిన తీరు వేరు. మిగతావి గాలిలో నిలబడి, మన వైపు ఒకసారి చూసి, అప్పుడు వాలతాయి. ఇది ఎవరినీ చూడలేదు. తిన్నగా వచ్చి పూలలో తలదూర్చింది. వేషం వేసినవాడికి చూసేవాళ్ళ మీద ఒక కన్ను ఉంటుంది, ఎంత పెద్ద నటుడికైనా. దీనికి లేదు. వెనక కాళ్ళకు పుప్పొడి ముద్దలు కట్టి ఉన్నాయి. నడుము దగ్గర సన్నబడింది. మా ఆవిడ మణికట్టుకు జానెడు దూరంలో ఉంది.

అరవకూడదు, కదలకూడదు. ఇంజెక్షను మూత నా బొటనవేలు ఎప్పుడో తీసేసింది. అది పూలగుత్తి చివరికి పాకి, అక్కడినుంచి ఆవిడ చొక్కాచేయి మీదికి దిగింది.

"చూశాను," అంది ఆవిడ పెదాలు కదిలీ కదలనట్టు. "అది అసలుదే. ఊపిరి గట్టిగా వదలకండి."

అది చేతి మడతలో కాస్త తిరిగింది, ముందరికాళ్ళతో మొహం తుడుచుకుంది, లేచింది, పక్క పువ్వుకు వెళ్ళిపోయింది. అంతే. నేను మడి గట్టు మీద కూలబడ్డాను.

"ఎలా తెలిసింది నీకు?" అన్నాను.

"రోజూ వస్తుంది కదండీ. అదో, దాని తోబుట్టువో."

"రోజూ వస్తుందా?"

"పూలున్నచోటికి వేషగాళ్ళే వస్తారా, అసలువాళ్ళు రారా? వచ్చినప్పుడు కదలకుండా ఉంటాను. పోయాక మళ్ళీ నా పని చేసుకుంటాను. ఇంజెక్షను వంటింట్లోంచి తెచ్చి ఈ స్టూలు కిందే పెట్టుకుంటాను. నిన్న కూడా ఇక్కడే ఉంది, మీరు చూడలేదు."

నిన్న నా నెత్తిన పడింది పిడుగు అనుకున్నాను. అది కాదు, ఇది. ముల్లులేనివని తెలుసుకుని ధైర్యం తెచ్చుకున్న మనిషి అనుకున్నాను ఈవిణ్ణి. ముల్లున్నవి ఉన్నాయని తెలిసే వచ్చి కూర్చుంటోంది.

"చచ్చిపోతావే," అన్నాను. ఎప్పుడూ ఆవిణ్ణి అలా అనలేదు.

"పోవచ్చు. కాదనను. మీరు నన్ను అద్దం వెనక పెట్టి కాపాడారు, అదీ కాదనను. కానీ ఆ కుర్చీలో రెండేళ్ళు కూర్చున్నది నేనేనని నాకనిపించదు. ఎవరో కూర్చుంటే నేను బయటినుంచి చూసినట్టుంది. ఇప్పుడు తవ్వుతారా తవ్వండి. నేను చూపించాల్సింది ఇదే. దీన్ని దాచి చూపిస్తే అది మోసం."

ఆవిడ మొహం చూశాను. ఎండ నేరుగా మొహం మీద పడుతోంది. అప్పుడు కనిపించింది. నుదురు, ముక్కు, చెంపల ఎముకలు ఎండకు కమిలి నల్లబడి ఉన్నాయి. మెడ దగ్గర చొక్కా గుండీ వరకూ ఒక రంగు, దాని కింద ఇంకో రంగు. చేతులు మణికట్టు దాకా మట్టిరంగు. ఇది ఒక రోజు ఎండ కాదు, పది రోజుల ఎండ కాదు. మనిషి చర్మం రంగు చూసి డబ్బాలో ఏ రంగుకు ఏ రంగు కలపాలో కళ్ళు మూసుకుని చెప్పే మనిషిని నేను. కొత్తగా వచ్చిన నటుడి మొహం దూరంనుంచి చూసి, వీడు నిన్న ఎండలో తిరిగాడు, ఇంకాస్త తెలుపు వేయాలి అని చెప్పిన రోజులున్నాయి.

"ఈ రంగు ఎప్పటినుంచి?" అన్నాను.

"కొత్తిమీర పూత పట్టినప్పటినుంచి. మూడు నెలలు దాటింది."

నేను ఆవిడ మెడ మీది రంగుల గీతను మళ్ళీ చూశాను.

"మొదటి రోజే మీరు పట్టేసుకుంటారనుకున్నాను. సాయంత్రం మీరొచ్చేలోపు మొహానికి పూసుకుందామని మీ డబ్బాలోని పౌడరు పొట్లం కట్టి దాచుకున్నాను కూడా. తరవాత అక్కర్లేకపోయింది. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం పెట్టాను. పట్టేసుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను కొన్నాళ్ళు."

వీధి తలుపు చప్పుడైంది. పెరట్లోకి మా బావమరిది వచ్చాడు, భుజం మీద పార. నన్ను గట్టు మీద, వాళ్ళక్కను పూలలో చూసి అక్కడే ఆగిపోయాడు. గ్రీజు చేతులు, మీసం లేని మొహం. ఈసారి గుర్తుపట్టాను.

"ఎక్కడినుంచి మొదలెట్టమంటావు బావా?" అన్నాడు.

తాళంచెవులు రెండూ నడుమునుంచి తీసి మా ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఇంజెక్షను మూత పెట్టబోయి రెండుసార్లు తప్పాను.

"పార ఆ గోడకు ఆనించు," అన్నాను. "మందుల షాపుకు వెళ్ళి ఇలాంటిదే ఇంకొకటి పట్టుకురా. ఒకటే మిగిలింది. వస్తూ వస్తూ హాల్లోంచి నాకో స్టూలు తీసుకురా."